మంచులో దిగబడిన లారీ, రెండు వేళ్ళ సందు

ముప్పై దాటిన కొన్నేళ్ళకే రిటైరయ్యానంటే మదనపల్లెలో అందరూ నవ్వుతారు. రిటైర్మెంటు అంటే వాళ్ళకు పూలదండ, శాలువా, గోడ గడియారం. నాకు అవేవీ జరగలేదు. కడుపుతో ఉన్నానని తెలియగానే కొండ దిగి వచ్చేశాను. మళ్ళీ ఎక్కలేదు, ఇక ఎక్కను. ఒక పనిలో దెబ్బలు తిని నేర్చుకుని, ఆ పనికి ఇక తిరిగి పోలేని మనిషిని ఏమనాలో నాకు వేరే మాట తెలియదు.

ఈ ఊళ్ళోనే మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. హిమాలయాల్లో ఒక కనుమ కింద సొరంగం తవ్వే కంపెనీలో పనిచేశాను. తవ్వేవాళ్ళు వేరే. కింది క్యాంపు నుంచి పై క్యాంపుకు డీజిలు, బియ్యం, సిమెంటు మోసే ఫోర్ వీల్ డ్రైవ్ లారీలు నా బాధ్యత. అవి నడుస్తున్నంతసేపూ నన్ను ఎవరూ పలకరించరు. ఏదైనా మంచులో దిగబడితే అందరికీ నా పేరు గుర్తొస్తుంది. డ్రైవర్లలో సగంమంది మనవాళ్ళే, కుప్పం, శాంతిపురం గ్రానైట్ క్వారీల్లో టిప్పర్లు తోలి చేయి తిరిగినవాళ్ళు. వాళ్ళ మాట అర్థమయ్యే ఇంజనీరు ఉండాలని నన్ను పంపారు.

ఏ పోస్టు నుంచి ఏ పోస్టుకు ఎప్పుడు మారానో ఇక్కడ రాయను. రెడ్డెప్ప కోసం రాస్తున్నాను. రామకుప్పం దగ్గరి పల్లెవాడు, వచ్చే వారం అదే కొండకు డ్రైవరుగా పోతున్నాడు. వాళ్ళ అన్న గంగులప్ప నా దగ్గర పనిచేస్తూ ఆ కొండమీదే చనిపోయాడు. వాళ్ళమ్మ ఎల్లమ్మ కుప్పంలో ఒక బస్సు, పుంగనూరులో ఇంకో బస్సు మారి మా ఇంటికి వచ్చి, నేలమీద కూర్చుని చెప్పింది.

"పోవద్దని నేను సెప్పలేనమ్మా. క్వారీ మూతబడె, రాగి సేను ఏనుగులు తొక్కె. వాడు పోతాడు. తిరిగొచ్చేటట్టు ఏమన్నా సెప్పి పంపు."

ఆమెకు కావలసింది అదొక్కటే. నాకు తెలిసినదంతా, పాప నిద్రపోయాక, ఇలా రాసి పెడుతున్నాను. రెడ్డెప్ప తర్వాత పోయేవాళ్ళకు కూడా పనికొస్తుంది.

మన బురద వేరు

మన పక్క లారీ దిగబడిందంటే ఎండిన చెరువులోనో, వాన పడిన చేలోనో, క్వారీ అడుసులోనో. ఏం చెయ్యాలో చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. చక్రం కింద రాళ్ళు తోస్తారు, కంపలు వేస్తారు, ఊళ్ళోవాళ్ళు వెనక నిలబడి తోస్తారు, డ్రైవరు గట్టిగా తొక్కుతాడు. బురద ఎగిరి అందరి మొహాన పడుతుంది, లారీ బయటికి వస్తుంది.

మంచు దగ్గర ఈ చదువు పనికిరాదు. దీన్ని నాకు నేర్పింది గంగులప్ప మొదటి చలికాలం.

అతను పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నిమిషం ఖాళీ దొరికితే మెడలోని టవల్ తీసి అద్దం తుడిచేవాడు. ఆ రోజు మలుపులో లారీ ఒక పక్కకు ఒరిగి ఆగింది. గంగులప్ప కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఒగ తొక్కు తొక్కితే లేస్తాది, సూడండి మేడం."

తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. ఆ వేడికి కింది మంచు కరిగింది, కరిగింది కరిగినట్టే మళ్ళీ గడ్డకట్టి గాజులా మెరిసింది. ఇంకా తొక్కాడు. లారీ ముందుకు పోలేదు, కిందికి పోయింది. దిగి వచ్చి రెండు రాళ్ళు తెచ్చి చక్రం కింద దోపాడు. ఈసారి తొక్కితే ఒక రాయి తుపాకి గుండులా వెనక్కి ఎగిరి, వెనక ఆగి ఉన్న మస్తాన్ లారీ బంపరుకు తగిలింది.

మస్తాన్‌ది పుంగనూరు. నోరు ఊరుకోదు. "ఏం గంగులూ! కుప్పంలో కొట్టిన రాళ్ళు సాల్లేదా? ఈడికొచ్చి నా బండిని కొడతాండావే!"

"నీ బండి అడ్డమొచ్చె గదరా."

"నిలబడుకోనుండే బండి అడ్డమెట్ల వస్తాదప్పా?"

అందరం నవ్వాం. అప్పుడు ఇంకా నవ్వేవాళ్ళం. చీకటి పడేదాకా తవ్వి లారీని బయటికి తీసిన తర్వాత, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గంగులప్ప అన్నాడు. "మన బురదే మేలప్పా. అది పట్టుకున్నా ఇడుస్తాది. ఇది నవ్వతా మింగతాది."

కాబట్టి, కొండకు పోయేవాళ్ళు ముందుగా మరచిపోవలసింది ఆ తొక్కుడు. చక్రం ఒక్కసారి ఊరికే తిరిగిందంటే కాలు తీసెయ్యండి. దిగండి. కింద పడుకుని చూడండి. లోతు మంచులో లారీని పట్టుకునేది చాలాసార్లు చక్రం కాదు, పొట్ట. చాసిస్ మంచుమీద కూర్చుని ఉంటుంది, చక్రాలకు బరువు అందదు. పార తీసుకుని పొట్ట కింద, ఇరుసుల ముందు, నాలుగు చక్రాల ముందూ వెనకా తవ్వాలి. ఈ పని చెప్పినంత సులువు కాదు. ఆ ఎత్తులో పది పారలు ఎత్తితే ఊపిరి అందదు, చెమట పడితే ఆ చెమటే గడ్డకడుతుంది. నిదానంగా, మార్చుకుంటూ తవ్వాలి. తర్వాత టైర్లలో గాలి కొంత తగ్గించాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. చెయిన్లు కట్టాలి. గులకో ఇసుకో గోనెపట్టాలో చక్రం ముందు పరవాలి. లో గేర్‌లో, కాలు ఆనీ ఆననట్టు పెట్టి, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. పాపను ఉయ్యాల్లో ఊపినట్టు. ఊపు అందిన తర్వాత లారీ తనంతట తాను లేస్తుంది. లేచాక మాత్రం ఆపకండి. గట్టి నేల దొరికేదాకా వెనక్కి తిరిగి చూడకండి.

నాలుగు చక్రాల ధీమా

కొత్త డ్రైవర్లు ఫోర్ వీల్ డ్రైవ్‌ను నమ్ముతారు. నేనూ నమ్మాను. దిగబడిన తర్వాత ఆ లివర్ లాగితే లారీ బయటపడుతుందని అనుకుంటారు. దిగబడక ముందు, మంచు కనబడినప్పుడే లాగాలి. దిగబడ్డాక లాగితే రెండు చక్రాలకు బదులు నాలుగు చక్రాలు గుంట తవ్వుతాయి, అంతే.

ఇంకో సంగతి. మామూలు లారీ కొండ మొదట్లోనే ఆగిపోతుంది, అక్కడ మనుషులుంటారు, టీ దుకాణం ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ లారీ ఎవరూ లేని చోటిదాకా పోయి అక్కడ ఆగుతుంది. ఏడు చలికాలాల్లో నేను చూసిన చెడ్డ ఘటనలన్నీ మంచి బండ్లలోనే జరిగాయి.

ఇద్దరు పైవాళ్ళు

నాకు ఇద్దరు పైవాళ్ళుండేవారు. వర్క్‌షాపు ఫోర్‌మన్ నేగీ ఆ కొండ ప్రాంతంవాడే. క్యాంపు మేనేజరు మైదానం నుంచి వచ్చినవాడు, మనిషి చెడ్డవాడు కాదు, కానీ వాకీటాకీలో అతని మొదటి మాట ఎప్పుడూ "బండి వచ్చిందా?" అనే.

ఒకసారి దిగబడిన లారీని ఇంకో లారీకి వైరు రోపు కట్టి లాగుతున్నాం. నేగీ అందరినీ రోపు పొడవుకంటే దూరం పొమ్మని అరిచాడు. మేనేజరు గడియారం చూసుకుంటూ, ఇంతమందిని ఇంత దూరం నడిపించి తేవడానికి ఎంతసేపు, కానివ్వండి అన్నాడు. నేగీ పార నేలకు వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరం కదిలాం, మేనేజరు కూడా గొణుక్కుంటూ కదిలాడు. లాగిన కాసేపటికి రోపు తెగింది. తెగిన కొస పాములా విసురుగా తిరిగి వచ్చి, లారీ పక్క అద్దాన్ని కాడతో సహా కోసుకుపోయింది. ఆ అద్దం పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు కాసేపటి క్రితం. సాయంత్రం తనే కెటిల్ పట్టుకుని అందరికీ టీ పోశాడు. మర్నాటి నుంచి వాకీటాకీలో మళ్ళీ "బండి వచ్చిందా?"

నేగీలో కూడా ఒక లోపం ఉంది. పదిమంది చేత గట్టిగా చెప్పిస్తే అది వాళ్ళకు వచ్చేసినట్టేనని అతని నమ్మకం. రోజూ పొద్దున లారీలు కదిలే ముందు అందరినీ వరుసలో నిలబెట్టేవాడు.

"దిగబడితే మొదట?"

"పైపు!"

"తర్వాత?"

"కిటికీ! రెండు వేళ్ళు!"

పైపు అంటే సైలెన్సర్ పైపు. వెనక మంచులో అది పూడిపోతే పొగ బయటికి పోదు, కింది నుంచి క్యాబిన్‌లోకి వస్తుంది. అందులోని విషవాయువుకు వాసన ఉండదు. కంటికి కనబడదు. దగ్గు రాదు. తల బరువెక్కి నిద్ర వస్తుంది, ఆ నిద్రలోంచి లేవరు. అందుకే దిగబడగానే పారతో పైపు చుట్టూ మంచు తీసెయ్యాలి, ఇంజను నడుస్తున్నంతసేపూ కిటికీ అద్దం రెండు వేళ్ళ సందు దించి ఉంచాలి. మనవాళ్ళలో అందరికంటే గట్టిగా అరిచేది గంగులప్ప. రెండు వేళ్ళు పైకెత్తి మరీ చూపించేవాడు. కుప్పంలో ఎన్నికలు గెలిచినట్టు చూపిస్తాండావేమప్పా అని మస్తాన్ రోజూ ఎగతాళి చేసేవాడు.

ఆ రోజు

గంగులప్పకు అప్పుడే కొడుకు పుట్టాడు. ఆ రోజు పొద్దున సిగ్నల్ దొరికే బండరాయి ఎక్కి భార్యతో మాట్లాడాడు. పక్కన నిలబడి ఉన్నందువల్ల నాకూ వినబడింది. "వాకిలి మూసి పెట్టుకో. పిల్లోనికి గాలి సోకనీయొద్దు. అమ్మకు సెప్పు, కుంపట్లో నిప్పులు ఆరిపోకుండా సూసుకోమని." మన ఇళ్ళలో ప్రతి బాలింత గదిలోనూ వినబడే మాటలు. నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం గంగులప్ప, మస్తాన్ ఒకే లారీలో పై క్యాంపుకు డీజిలు తీసుకుపోయారు. మస్తాన్‌కు జ్వరం, అందుకే గంగులప్ప తోలుతున్నాడు. పై క్యాంపులో డాక్టరుకు చూపిద్దామని కూడా. దారిలో గాలి లేచింది. పై మలుపు దగ్గర లారీ పొట్టమీద కూర్చుంది.

కింది నుంచి నేను వాకీటాకీలో మాట్లాడాను. "తొక్కొద్దు. తవ్వొద్దు. డోజర్ వస్తుంది."

"తొక్కలేదు మేడం. పైపు సుట్టూ మంచు తీసేసినాము. కిటికీ ఇడిసినాము. కూసోనుంటాము."

మంచు తోసే డోజర్ బయలుదేరింది. సగం దారిలో కొండచరియ మీది మంచు జారి దారి మూసుకుపోయింది. ముందు దాన్ని తీయాలి. గాలికి ఎదురుగా ఏం తీసినా వెనకనే పూడిపోతూ ఉంది. నేను వాకీటాకీ వదల్లేదు. పొద్దు వాలేవేళ గంగులప్ప మళ్ళీ పలికాడు. గొంతు బద్ధకంగా ఉంది.

"మస్తాన్‌కు వణుకు జాస్తిగా ఉన్నింది మేడం. ఇబ్బుడు పరవాలేదు. పండుకున్నాడు. ఈడ వెచ్చగా ఉండాది."

ఈడ వెచ్చగా ఉండాది. ఆ చలిలో ఆ మాట వినగానే అందరికీ ప్రాణం కుదుటపడింది. మేనేజరు కూడా నిట్టూర్చి కుర్చీలో కూర్చున్నాడు.

డోజర్ పోయేసరికి మస్తాన్ లారీ బయట మంచులో పడి ఉన్నాడు. వాంతి వచ్చినట్టయి తలుపు తెరిచి కింద పడ్డాడట, లేవలేకపోయాడు. ఆ చలిగాలే అతన్ని బతికించింది, ఎడమ కాలి వేళ్ళు తీసుకుంది. అతను పడ్డాక తలుపు గాలికి మళ్ళీ మూసుకుంది. లోపల గంగులప్ప స్టీరింగుమీద తల ఆనించి ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, అప్పుడే వేణ్ణీళ్ళ స్నానం చేసినవాడిలా. రెండు వేళ్ళ సందులో అతని టవల్ మడతపెట్టి, గాలి రాకుండా చక్కగా దోపి ఉంది.

వెనక పైపు చుట్టూ పార గుర్తులు లోతుగా కనబడ్డాయి. అబద్ధం చెప్పలేదు, తీశాడు. తీసిన గుంటలో మళ్ళీ మంచు నిండింది. మొదట తీయాలని నేర్పాం, మొదటే తీశాడు. మంచుగాలి వీస్తున్నంతసేపూ మళ్ళీ మళ్ళీ దిగి తీయాలని ఆ పాఠంలో లేదు.

డ్రైవరు నిర్లక్ష్యం అని కంపెనీ తేల్చింది. నేను ఇంతకంటే తప్పు మాట వినలేదు. పక్కన మనిషి వణుకుతున్నాడని తన మెడలోని టవల్ తీసి సందు మూశాడు. నిర్లక్ష్యమే ఉండి ఉంటే బతికేవాడు.

శవంతో పాటు నేనూ వచ్చాను, బెంగుళూరు దాకా విమానంలో, అక్కడి నుంచి అంబులెన్సులో. కుప్పం దాటి పల్లెలోకి తిరిగాక ఎల్లమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఒకే ఒక మాట అడిగింది.

"సలికి పోయినాడామ్మా?"

"లేదమ్మా. లోపల వెచ్చగానే ఉన్నాడు. చలి తెలియలేదు."

"అంతే సాలు. సలికి వణకతా పోలేదు గదా." అప్పుడు ఏడ్చింది.

కుంపటి

ఆ తర్వాత రెండు చలికాలాలు పనిచేశాను. పాఠం మార్చాం, నేగీ కూడా మార్చాడు. మంచుగాలి వీచేటప్పుడు ఇంజను కాసేపు వేసి ఆపెయ్యాలి, వేసే ముందు ప్రతిసారీ దిగి పైపు చూడాలి. అయినా మన డ్రైవర్ల క్యాబిన్లు చూసినప్పుడల్లా కిటికీ సందులో ఏదో ఒకటి దోపి కనబడేది. తువ్వాలు, సంచి, పాత పేపరు. తిట్టాను. బతిమాలాను. గంగులప్ప పేరు చెప్పి భయపెట్టాను. తలవంచుకుని తీసేవాళ్ళు, మర్నాడు మళ్ళీ ఉండేది. వినరెందుకో నాకు అర్థమయ్యేది కాదు. మా నేగీ ఊరి డ్రైవర్లు మాత్రం ఆ పని చేసేవాళ్ళు కారు.

నా బిడ్డ పుట్టాక అర్థమైంది.

మార్గశిరంలో ప్రసవం. మదనపల్లె చలి మీకు తెలుసు. నా భర్త బెంగుళూరులో పని, ఆదివారాలే వస్తాడు. వాల్మీకిపురం నుంచి మా అవ్వ నా దగ్గర ఉండడానికి వచ్చింది. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకుంది, ఆమె మాట అవ్వ దగ్గర చెల్లదు. అమ్మ చర్చికి పోయిన పూట చూసి అవ్వ గది కిటికీలు మూసి, వెంటిలేటర్‌లో పాత చీర గుడ్డలు కుక్కి, మంచం కింద కుంపటి పెట్టింది. నిప్పులమీద సాంబ్రాణి. గదంతా వెచ్చగా, మెత్తగా. పాప నా పక్కన నిద్రపోతోంది. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అమ్మ కడుపులోకి మళ్ళీ పోయినట్టు.

ఆ హాయిలోంచి నన్ను లేపింది ఏమిటో నాకు తెలియదు. పాప బుగ్గలు గంగులప్ప బుగ్గల్లా ఎర్రగా కనబడ్డాయి; మూసిన గదిలో కుంపటి నుంచి వచ్చేదీ ఆ విషవాయువే. ఒక్క కేక వేసి, కుట్లు తెగుతాయని కూడా చూడకుండా లేచి, కుంపటి కాలితో బయటికి తోశాను. కిటికీలు బార్లా తీశాను.

అవ్వ నిర్ఘాంతపోయింది. "యాల అట్ల అరుస్తాండావు? పిల్లకు గాలి కొడతాది! మీ అమ్మ ఇట్లే పుట్టె. నువ్వు ఇట్లే పుడితివి. ఎవురు సచ్చిరి?"

పాపను చలిగాలిలో ఎత్తుకుని నిలబడ్డాను, గంగులప్ప టవల్ గుర్తొచ్చింది. మనం కళ్ళు తెరిచిన మొదటి గది అదే. చలేస్తే సందులు మూస్తారు, నిప్పు పెడతారు, అదే ప్రేమ అని మన ఒంటికి మాటలు రాకముందే తెలుసు. పొద్దున వరుసలో నిలబెట్టి అరిపించిన పాఠం దానికి ఎదురు నిలబడుతుందా? వణుకుతున్న మనిషి పక్కన ఉన్నప్పుడు చెయ్యి తనంతట తానే సందు వైపు పోతుంది.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. రాత్రి లేచి కిటికీ సందు తడిమి చూస్తాను, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. కిటికీల పిచ్చిది అని అవ్వ నాకు పేరు పెట్టింది.

రెడ్డెప్ప

మొన్న ఎల్లమ్మ రెడ్డెప్పను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. పుంగనూరులో పంక్చర్ దుకాణం పెట్టుకున్న మస్తాన్ కూడా దారిలో బస్సెక్కి, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. రెడ్డెప్ప అచ్చం అన్నే, ఇంకొంచెం పొడుగు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే ఉయ్యాల్లో పాప.

"ఏంరా, కొత్త డ్రైవరు! మంచులో దిగబడితే ఏం సేస్తావు?" అన్నాడు మస్తాన్.

"నిన్ను దించి తోపిస్తా."

"నాకు ఒగ కాలే ఉండాదిరా సామీ."

"సగమన్నా కదులుతాది గదా బండి."

ఎల్లమ్మ కొడుకు వీపుమీద ఒకటి వేసింది. "ఎకసెక్కాలు మాని ఆ యమ్మ సెప్పేది ఇను."

చెప్పడానికి నాకేమీ మిగల్లేదు. అతనికి అన్నీ వచ్చు. అన్న ఫోన్లో చెప్పినవి, మస్తాన్ చెప్పినవి, నేను పంపినవి. చక్రం తిరిగితే కాలు తీసెయ్యాలి. పొట్ట కింద తవ్వాలి. రోపు దగ్గర నిలబడకూడదు. నేను అడుగుతున్నాను, గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. వింటున్న అవ్వ కూడా, పరవాలేదే, తెలివైనోడే అంది.

"మంచుగాలి వీచేటప్పుడు?"

"ఇంజను ఏసే ముందల ప్రతిసారీ దిగి పైపు సూడాల."

సాయంత్రపు గాలి లోపలికి వీచింది. ఉయ్యాల్లో పాప చిన్నగా తుమ్మింది.

"ఇంజను నడిచేటప్పుడు?"

"కిటికీ రెండు వేళ్ళు తెరిసి పెట్టాల. ఎంత సలేసినా ముయ్యకూడదు" అంటూనే రెడ్డెప్ప పక్కకు చెయ్యి చాచి, పాపకు గాలి తగలకుండా కిటికీ రెక్క లాగి మూశాడు. గడియ కూడా పెట్టాడు.

అందరికంటే ముందు చూసింది ఎల్లమ్మ. ఆమె మొహంలో నెత్తురు పోయింది. మస్తాన్ నవ్వబోయి ఆగిపోయాడు. రెడ్డెప్ప మా మొహాలు చూసి, తన చెయ్యి చూసుకుని, గడియ చూశాడు.

"అలవాటు మేడం" అన్నాడు మెల్లగా. "పిల్ల తుమ్మె గదా."

"తెలుసు. మీ అన్నకూ అంతే."

ఎల్లమ్మకు ఆ టవల్ సంగతి అప్పటిదాకా తెలియదు. అప్పుడు చెప్పాను. వెచ్చదనం దేనివల్ల వచ్చిందో, నిద్ర దేనివల్ల వచ్చిందో అంతా చెప్పాను. మస్తాన్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "నా జ్వరమే పెద్దమ్మా" అన్నాడు. ఆమె అతని తల నిమిరింది.

రెడ్డెప్ప లేచి గడియ తీశాడు. రెండు వేళ్ళు అడ్డం పెట్టి రెక్క ఆపాడు. నేను అతనికి ఇంకేమీ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు ఎల్లమ్మతో చెప్పాను. "నోటికి వచ్చింది, చేతికి రాలేదమ్మా. పోయేదాకా రోజూ రాత్రి కిటికీ తెరిచే పడుకోమను. చలికి లేచి మూస్తే మళ్ళీ తెరిపించు. అక్కడ నేర్చుకుంటాడని వదలొద్దు. అక్కడ మొదటి తప్పే చివరి తప్పు."

ఇది చాలుతుందో లేదో నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ పట్టిన అలవాటుకు ఎదురుగా వారం ఎంత? చాలుతుందని రాసి ధైర్యం చెప్పగలిగితే బాగుండేది. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ధైర్యం లేదు.

ఈ రాత్రి ఎల్లమ్మకు ఫోన్ చేశాను. ఏనుగులు దిగాయట, రామకుప్పం పక్క పల్లెలన్నీ పొద్దుగూకకముందే తలుపులు బిగించుకుంటున్నాయట. వెనకనుంచి వాటిని తరిమే డప్పుల చప్పుడు వినబడుతోంది. గంగులప్ప కొడుకు ఏదో అడుగుతున్నాడు, వాడికి ఇప్పుడు మాటలు వచ్చాయి.

"కిటికీ తెరిచే ఉందా అమ్మా?"

"ఉండాదిమ్మా. ఊరంతా మూసినా నేను మూయనీలేదు. నిన్న రాత్రి వాడు రెండు తూర్లు లేసి మూయబాయె, సెయ్యిమీద కొడితిని. నేను మేలుకోనే ఉండాను. పిల్లోనికి ఇంగొక దుప్పటి కప్పినాను."

"రెడ్డెప్పకు చలిగా ఉందంటున్నాడా?"

"పండ్లు కొట్టుకుంటాండాయి, నాకు ఇనపడతాండాది." డప్పులు దూరమయ్యాయి. "పెద్దోడు వెచ్చగా పోయినాడు గదమ్మా. వీడు వణకతాంటే వణకనీలే."